తక్కువ బడ్జెట్‌లో గేమింగ్ పీసీ: ఈ లిస్టులో ఏం మార్చాలి?

మొదటిబిల్డ్:

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ పాత ల్యాప్‌టాప్ మీదే నెట్టుకొచ్చాను, ఇప్పుడది పూర్తిగా చేతులెత్తేసింది. గేమింగ్ పీసీ ఒకటి అసెంబుల్ చేసుకుందామని డబ్బు దాచాను గానీ, అది మంచి గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి కొంటే మిగతావాటికి గీసి గీసి లెక్క చూసుకోవాల్సినంతే. చదువు పనులు కూడా దీనిమీదే చేసుకోవాలి కాబట్టి ఇంకా ఆగడం కుదరదు.

మానిటర్ ఉంది, 1080పీ, 75 హెర్ట్జ్. కీబోర్డు, మౌస్ కూడా ఉన్నాయి. ఎక్కువగా ఆడేది వాలరెంట్, సీఎస్2, అప్పుడప్పుడు జీటీఏ 5. సైబర్‌పంక్ 2077, ఎల్డెన్ రింగ్ ఎప్పటినుంచో ఆడాలని ఉంది, అవి మీడియం సెట్టింగుల్లో 60 ఎఫ్‌పీఎస్ (సెకనుకి 60 ఫ్రేములు) వస్తే చాలు, అల్ట్రా నాకు అక్కర్లేదు.

నేను రాసుకున్న లిస్టు ఇది: రైజెన్ 5 5500 ప్రాసెసర్, ఏ520 మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్4 3200 ర్యామ్ ఒకటే స్టిక్ (తర్వాత ఇంకోటి వేసుకోవచ్చని), ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ, ముందువైపు గ్లాసు, నాలుగు ఆర్‌జీబీ ఫ్యాన్లు ఉన్న క్యాబినెట్, దాంతోపాటే వచ్చే 450 వాట్ల ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై).

ఇంకో దారి కూడా ఉంది. తెలిసినాయన ఒకరు తన పాత సిస్టమ్ అమ్ముతున్నారు: ఐ7 4770 ప్రాసెసర్, 16 జీబీ డీడీఆర్3 ర్యామ్, జీటీఎక్స్ 1660 సూపర్ గ్రాఫిక్స్ కార్డు. నా లిస్టుకంటే బాగా తక్కువకే ఇస్తానంటున్నారు. ఐ7 కదా, కళ్లు మూసుకుని తీసేసుకో అని ఫ్రెండ్స్ అంటున్నారు. నాకేమో ఒకటే టెన్షన్, ఒకసారి కొన్నాక మళ్లీ మార్చుకునే స్తోమత లేదు. ఏది మేలో కాస్త చెప్పండి.

స్క్రూడ్రైవర్:

ముందు ఐ7 సంగతి. ఐ7, ఐ5 అనే పేరు చూసి ఎప్పుడూ కొనకండి, ఏ తరం చిప్ అన్నదే ముఖ్యం. 4770 వచ్చింది 2013లో. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. మీరు రాసుకున్న 5500లో ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు ఉన్నాయి, పైగా ఒక్కో కోరు కూడా దానికన్నా చాలా వేగం. 4770కి విండోస్ 11 అధికారికంగా సపోర్ట్ లేదు, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్‌తో అయిపోయింది. ఎలాగోలా 11 ఎక్కించినా, అందులో వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ (సిస్టమ్‌లో ఉండే భద్రతా ఏర్పాట్లు) ఉండాల్సిందే. మీరు రోజూ ఆడే గేమే ఆడలేకపోతే ఆ చవక దేనికి? డీడీఆర్3 ర్యామ్ రేపు వేరే బోర్డు కొంటే పనికిరాదు, అంటే ఆ సిస్టమ్‌లో ముందుకు తీసుకెళ్లగలిగింది కార్డు ఒక్కటే.

ఇక మీ లిస్టు. అందులో నాకు నచ్చనిది 6500 ఎక్స్‌టీ. ఆ కార్డు 4 జీబీ అన్నది సగం సమస్యే. అది మదర్‌బోర్డుతో మాట్లాడేది నాలుగే పీసీఐఈ లేన్ల (డేటా వెళ్లే దారుల) మీద. పీసీఐఈ 4.0 ఉన్న సిస్టమ్‌లో అయితే ఆ నాలుగు లేన్లలో సెకనుకి సుమారు 8 జీబీ డేటా వెళ్తుంది. మీరు ఎంచుకున్న 5500 గానీ ఏ520 గానీ పీసీఐఈ 3.0 దాకే ఇస్తాయి, కాబట్టి అది సగానికి, అంటే 4 జీబీ దగ్గరికి పడిపోతుంది. కొత్త గేమ్‌లలో 4 జీబీ వీడియో మెమరీ ఇట్టే నిండిపోతుంది, నిండాక టెక్స్చర్లు (గేమ్‌లో వస్తువుల పైపూత బొమ్మలు) సిస్టమ్ ర్యామ్ నుంచి ఆ సన్నటి దారిలోనే రావాలి. అప్పుడు ఎఫ్‌పీఎస్ కౌంటర్ 50 చూపిస్తూ ఉన్నా, మలుపు తిరిగిన ప్రతిసారీ గేమ్ ఒక్క క్షణం బిగుసుకుపోతుంది. సైబర్‌పంక్‌కి కనీస అవసరాల్లోనే 6 జీబీ వీడియో మెమరీ, ఎస్ఎస్‌డీ అని రాసి ఉంది. ఇంకో మాట, ఈ కార్డులో వీడియో ఎన్‌కోడర్ లేదు, గేమ్ రికార్డ్ చేయాలన్నా స్ట్రీమ్ చేయాలన్నా భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది.

కొత్తదే కావాలంటే ఆర్ఎక్స్ 6600 వైపు వెళ్లండి. 8 జీబీ మెమరీ, ఎనిమిది లేన్లు, పీసీఐఈ 3.0లో పెట్టినా పెద్దగా నష్టం ఉండదు. దానికోసం ఆ గ్లాసు క్యాబినెట్, ఆర్‌జీబీ ఫ్యాన్లు వదిలేయండి. ముందువైపు జాలీ ఉన్న సాదా క్యాబినెట్ చవకగా వస్తుంది, గాలి కూడా బాగా ఆడుతుంది. మీలాంటి చిన్న బడ్జెట్‌లో మూడో వంతు నుంచి సగం దాకా కార్డుకే పోతుంది, అది తప్పు లెక్కేం కాదు.

క్యాబినెట్‌తో ఫ్రీగా వచ్చే ఎస్ఎంపీఎస్ మాత్రం దయచేసి వాడొద్దు. దాని పక్కన అంటించిన స్టిక్కర్ చదవండి. 12 వోల్టుల లైను ఎదురుగా ఎన్ని ఆంపియర్లు ఉంటే దాన్ని 12తో గుణించండి. పెట్టె మీద 450 వాట్లని పెద్దక్షరాల్లో ఉంటుంది, ఇక్కడ 25 ఆంపియర్లు కనిపిస్తే ప్రాసెసర్‌కి, కార్డుకి నిజంగా అందేది 300 వాట్లే. చాలావాటిలో కార్డుకి కావలసిన 8 పిన్ కేబుల్ కూడా ఉండదు, మామూలు కనెక్టర్‌కి అడాప్టర్ తగిలిస్తే కేబుళ్లు వేడెక్కుతాయి. ఎస్ఎంపీఎస్ పోతే అదొక్కటే పోదు, ఒక్కోసారి బోర్డునీ కార్డునీ వెంట తీసుకుపోతుంది. మంచి పేరున్న 550 వాట్లది విడిగా కొనండి. 80 ప్లస్ ముద్ర చూసి మోసపోకండి, అది కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో చెబుతుంది తప్ప లోపలి రక్షణ గురించి ఏమీ చెప్పదు.

పాతకార్డులు:

పైన చెప్పినదాంట్లో కార్డు విషయం తప్ప మిగతా అంతా ఒప్పుకుంటాను. బడ్జెట్ ఇంత తక్కువున్నప్పుడు కొత్త కార్డే కొనాలన్న పట్టుదల ఎందుకు? మొదటిబిల్డ్ బ్రో, నువ్వే జవాబు రాసి పెట్టుకుని చూడలేదు. ఆయన సిస్టమ్‌లో ఉన్న 1660 సూపర్ ఒక్కటీ విడిగా ఇస్తారేమో అడుగు!

ఎందుకంటే అది 6 జీబీ కార్డు, మెమరీ వేగం 6500 ఎక్స్‌టీకి రెండింతలకు పైనే, అన్నిటికంటే ముఖ్యంగా అది పీసీఐఈ 3.0లో పదహారు లేన్ల కార్డు. నీ 5500, ఏ520 ఇచ్చేది సరిగ్గా అదే, ఒక్క చుక్క కూడా వృథా కాదు. ఎన్‌కోడర్ కూడా మంచిది. బొమ్మని తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసి ఫ్రేములు పెంచే వాటిలో ఎన్‌విడియా డీఎల్ఎస్ఎస్ దీనికి రాదు గానీ, ఏఎండీ ఎఫ్ఎస్ఆర్‌లో 3 దాకా వెర్షన్లు ఏ కంపెనీ కార్డు మీదైనా నడుస్తాయి కాబట్టి సైబర్‌పంక్‌లో కొన్ని సెట్టింగులు మీడియం, కొన్ని తక్కువ (లో) పెట్టి ఎఫ్ఎస్ఆర్ ఆన్ చేస్తే 60 చుట్టుపక్కల వస్తుంది. ఎల్డెన్ రింగ్ పీసీలో 60 దగ్గరే ఆగిపోతుంది, ఎంత పెద్ద కార్డు పెట్టినా అంతే.

సెకండ్ హ్యాండ్ కార్డు డెస్క్‌టాప్ చూపిస్తే కొనేయకూడదు, అమ్మేవాళ్ల దగ్గరే, వాళ్ల సిస్టమ్‌లోనే నడిపించి చూడాలి. జీపీయూ-జడ్ అని చిన్న సాఫ్ట్‌వేర్ ఉంటుంది, పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లు. పాత చిప్‌కి బయోస్ (లోపలి మూల సాఫ్ట్‌వేర్) మార్చి కొత్త పేరు తగిలించిన నకిలీలని అది చాలావరకు పట్టేస్తుంది. తర్వాత కార్డుని పూర్తి భారంతో నడిపే స్ట్రెస్ టెస్ట్ ఏదైనా పెట్టి ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చో. స్క్రీన్ మీద రంగురంగుల చుక్కలు, చిన్న చిన్న చదరాలు మెరిసినా, మధ్యలో నల్లబడి మళ్లీ వచ్చినా లేచి వచ్చేయడమే, అది మెమరీ పోతున్న లక్షణం. ఫ్యాన్ గరగరలాడితే మాత్రం భయపడక్కర్లేదు, ఫ్యాన్ మార్చుకోవచ్చు, ఆ వంకతో ధర తగ్గించమనొచ్చు. (క్రిప్టో) మైనింగ్‌లో వాడిన కార్డైనా చిప్ అంత తేలిగ్గా అరిగిపోదు, అందులో ఎక్కువగా అలిసిపోయేవి ఫ్యాన్లు, థర్మల్ ప్యాడ్లు.

పేర్ల దగ్గర కూడా జాగ్రత్త, ఇక్కడే కొత్తవాళ్లు ఎక్కువగా మునుగుతారు. ఆర్ఎక్స్ 580 అని అమ్మేవాటిలో 2048ఎస్‌పీ అని ఒక రకం ఉంటుంది, దానిలో ఉన్న షేడర్లు (చిప్‌లో లెక్కలు చేసే చిన్న యూనిట్లు) అసలు 580లో ఉండే 2304 కాదు, 570లో ఉన్నన్ని. ఆర్‌టీఎక్స్ 3050లో 8 జీబీ వేరు, 6 జీబీ వేరు, రెండోదాంట్లో కోర్లు కూడా తగ్గించారు. ఇక జీటీఎక్స్ 10 సిరీస్ జోలికి ఇప్పుడు పోవద్దు, వాటికి కొత్త గేమ్‌ల డ్రైవర్లు 2025తో ఆగిపోయాయి. 1660 సూపర్ ఆ తర్వాతి తరం, దానికి ఆ బెడద లేదు.

ఫ్రేమ్‌టైమ్:

6 జీబీ ఇవాళ్టికి సరిపోతుంది, కానీ ఇప్పటికే అంచున ఉంది. నేనైతే ఇంకొన్నాళ్లు ఆగి 8 జీబీ కార్డే కొంటాను. ఆగలేను అంటున్నారు కాబట్టి ఇంకో దారి చెబుతాను: 5500 బదులు రైజెన్ 5 5600జీ తీసుకోండి, లోపలే గ్రాఫిక్స్ ఉంటుంది. వాలరెంట్ తక్కువ (లో) సెట్టింగుల్లో హాయిగా ఆడుకోవచ్చు, సీఎస్2 కూడా రిజల్యూషన్ కాస్త తగ్గిస్తే నడుస్తుంది, చదువు పనులకి లోటే లేదు. కార్డు తర్వాత కొనొచ్చు. సైబర్‌పంక్ మాత్రం అప్పటిదాకా మరచిపోవాలి.

ఏ దారిలో వెళ్లినా ర్యామ్ ఒకటే స్టిక్ వద్దు, అది ఖచ్చితంగా మార్చండి. డీడీఆర్4 3200 ఒక స్టిక్ ఇచ్చేది సెకనుకి 25.6 జీబీ, రెండు స్టిక్కులు డ్యుయల్ ఛానల్‌లో ఉంటే 51.2. 5600జీ లాంటి చిప్‌కి విడిగా వీడియో మెమరీ ఉండదు, ఆ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి ఒక్క స్టిక్‌తో అది కుంటుతుంది. విడిగా కార్డు ఉన్నా సీఎస్2, వాలరెంట్ లాంటి ప్రాసెసర్ మీద ఆధారపడే గేమ్‌లలో తేడా చేతికి తెలుస్తుంది, సగటు ఎఫ్‌పీఎస్ కన్నా పొగ గ్రెనేడ్లు పడి నలుగురు ఒకేసారి తెర మీదకు వచ్చినప్పుడు పడిపోయే ఆ అడుగు ఫ్రేములు ఉంటాయి చూడండి, అక్కడ. 8 జీబీవి రెండు తీసుకోండి. చవక ఏ520 బోర్డుల్లో చాలావాటికి రెండే స్లాట్లు ఉంటాయి, రేపు 32 జీబీ కావాలంటే ఈ రెండూ తీసేసి కొత్తవి వేయాల్సి వస్తుంది, అది నిజమే. అయినా నా మాట ఇదే, ఎప్పుడో కొనబోయే స్టిక్ కోసం ఇవాళ్టి నుంచీ సగం ర్యామ్ వేగంతో ఆడుకోవడం అన్యాయం.

మొదటిబిల్డ్:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చాలా థ్యాంక్స్. ఆయన్ని అడిగాను, కార్డు విడిగా ఇవ్వడానికి ఒప్పుకున్నారు, వాళ్లింటికి వచ్చి టెస్ట్ చేసుకోమన్నారు కూడా. 5600జీ ఆలోచన బాగుంది గానీ ఈ కార్డు చేతికి అందేటట్టుంటే దానికి ఎక్కువ పెట్టడం ఎందుకనిపించింది. ఇప్పుడు లిస్టు: 5500, ఏ520, 8 జీబీవి రెండు, 1660 సూపర్, 500 జీబీ ఎన్‌వీఎంఈ, సాదా జాలీ క్యాబినెట్, విడిగా 550 వాట్ల ఎస్ఎంపీఎస్. కొంచెం డబ్బు మిగిలేలా ఉంది. దాంతో 5500ని 5600 చేసుకోనా? ఇంకో కూలర్ కొనాలా? బిగించడం కూడా నేనే చేసుకుందామనుకుంటున్నాను.

స్క్రూడ్రైవర్:

లిస్టు ఇప్పుడు కుదిరింది. 5600లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) 32 ఎంబీ, 5500లో 16. సీఎస్2, వాలరెంట్‌లో ఆ తేడా లెక్కల్లో కనిపిస్తుంది, కానీ మీ మానిటర్ 75 హెర్ట్జ్, 5500 ఇచ్చే ఫ్రేములనే అది పూర్తిగా చూపించలేకపోతుంది. మిగిలింది కదపకుండా పక్కన పెట్టండి, రేపు 8 జీబీ కార్డుకి మారేటప్పుడు 1660 సూపర్‌ని అమ్మి దానికి ఇది కలుపుకోవచ్చు. ఆ మార్పుకి ఇదే ఎస్ఎంపీఎస్ సరిపోతుంది, 6600 వాడేది 132 వాట్లు, మొత్తం సిస్టమ్ కలిపినా 300 దాటడం కష్టం. తర్వాతెప్పుడైనా ప్రాసెసర్ చాలదనిపిస్తే అదే బోర్డులో 5700ఎక్స్3డీ దాకా వెళ్లొచ్చు, బయోస్ అప్‌డేట్ చేసుకోవాలంతే. కూలర్ వద్దు, 5500 బాక్స్‌లో వచ్చేదే చాలు.

కొనేముందు ఒకటి అడగండి. ఏ520 బోర్డులు 2020లో వచ్చాయి, 5500 వచ్చింది 2022లో. బోర్డు పాత స్టాక్ అయితే ఆ బయోస్‌కి 5500 అంటే ఏంటో తెలియదు, ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మీద ఏమీ రాదు, పార్టు పాడైందేమోనని కంగారు పడతారు. అమ్మేవాళ్లనే బయోస్ అప్‌డేట్ చేసి ఇమ్మనండి, లేదా ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ చేసే ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డు చూసుకోండి.

బిగించేటప్పుడు బోర్డు కింద ఉండే ఇత్తడి స్టాండ్ఆఫ్‌లు బోర్డు రంధ్రాలకు సరిపడా చోట్లే ఉన్నాయో లేదో చూడండి, ఎక్కువగా ఒకటి ఉన్నా బోర్డు వెనక తగిలి షార్ట్ అవుతుంది. నాలుగు స్లాట్ల బోర్డు దొరికితే ర్యామ్ ప్రాసెసర్ వైపు నుంచి రెండు, నాలుగులో పెట్టండి. మానిటర్ కేబుల్ బోర్డుకి కాదు, కార్డుకే గుచ్చాలి, 5500లో గ్రాఫిక్స్ లేదు కాబట్టి బోర్డుకి పెడితే తెర నల్లగానే ఉంటుంది. విండోస్ ఎక్కించేముందే బయోస్‌లోకి వెళ్లి ఎక్స్ఎంపీ (ర్యామ్‌ని దాని అసలు వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయండి, లేకపోతే 3200 ర్యామ్ 2133 దగ్గరో 2400 దగ్గరో నడుస్తుంది, ఎవరూ మీకు చెప్పరు. అక్కడే టీపీఎం, సెక్యూర్ బూట్ కూడా చూసుకోండి, వాలరెంట్ కోసం.

పాతకార్డులు:

కార్డు తెచ్చుకునే రోజు దాని పాత డ్రైవర్లు, సెట్టింగుల గురించి ఆయన్ని ఏం అడగక్కర్లేదు, నీ విండోస్ కొత్తదే కదా. బిల్లు ఉందా, వారంటీ ఏమైనా మిగిలిందా అన్నది మాత్రం అడుగు. టెస్ట్‌లో హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికంటే వేడెక్కే చోటు) ఉష్ణోగ్రత ఎంత చూపించిందో ఇక్కడ పెట్టు, థర్మల్ పేస్ట్ మార్చాలా వద్దా చూసి చెబుతాను.