ఒంటరితనం క్యాన్సర్‌ని ముదరబెడుతుందా?

గోదారిగట్టు: నాన్నకి ఊపిరితిత్తుల క్యాన్సర్ అనగానే చుట్టాల రాకపోకలు ఆగిపోయాయి. పెద్దమ్మ వాళ్లింట్లో ఆయనకి వేరే గ్లాసు, గుర్తుకి అడుగున గోళ్లరంగు చుక్క. అది చూశాక మనిషి లేవలేదు. ఒంటరితనంతో కార్టిసాల్, నోరెపినెఫ్రిన్ అనే ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి. క్యాన్సర్ కణాల్ని చంపాల్సిన ఎన్‌కే కణాలు, టీ కణాలు (ఒంట్లోని రోగనిరోధక కణాలు) వాటివల్ల నీరసిస్తాయి. 1989లో అమెరికా మానసిక వైద్యుడు స్పీగెల్ లాన్సెట్ అనే వైద్యపత్రికలో రాశారు: రొమ్ము క్యాన్సర్ ఒళ్లంతా పాకిన 86 మందిలో, వారంవారం కూర్చుని మాట్లాడుకున్నవాళ్లు సగటున 36.6 నెలలు బతికారు, మిగతావాళ్లు 18.9. ఇంకేం రుజువు కావాలి?

పద్మజ_ఖమ్మం: 1989 దగ్గరే ఆగిపోతే ఎలాగండీ? కెనడాలో గుడ్విన్ బృందం 235 మందితో అదే పద్ధతి చేసి 2001లో చెప్పింది, ఆయుష్షు పెరగలేదని. స్పీగెల్ మళ్లీ చేసినా, 2007లో మొత్తం మీద తేడా రాలేదు.

శ్రీను77: ప్రొప్రనలాల్ అనే బీపీ మందు ఆ నోరెపినెఫ్రిన్ పనిని ఆపుతుందట కదా, వేసుకోవచ్చా?

పద్మజ_ఖమ్మం: సొంతంగా వద్దు బాబూ. గుండె వేగం, బీపీ పడిపోతాయి.

గోదారిగట్టు: అమెరికాలో నర్సుల మీద చేసిన అధ్యయనం, 2006. రొమ్ము క్యాన్సర్ వచ్చిన 2,835 మందిలో, అయినవాళ్లు లేనివాళ్లకే ఆ జబ్బుతో చావులెక్కువ. దీనికేమంటారు?

పద్మజ_ఖమ్మం: చూసుకునే దిక్కు లేకపోయుండొచ్చని ఆ వ్యాసంలోనే ఉంది. తోడొచ్చేవాళ్లు లేక కీమో తప్పితే అది హార్మోన్ల పనా?

గోదారిగట్టు: టీ కణాల మీద నోరెపినెఫ్రిన్‌ని అందుకునే గ్రాహకాలున్నాయండీ! మీకు లెక్కలే గానీ మనిషి బాధ పట్టదు.

పద్మజ_ఖమ్మం: పట్టదా? అమ్మ అండాశయ క్యాన్సర్‌తో పోయింది. పెద్దకర్మ నాడు పిన్ని పదిమందిలో అంది, "కూతురు అమెరికా పోయిందన్న దిగులే తినేసింది" అని. వీడియో కాల్‌లో అమ్మ కొంగు నుదుటిదాకా లాక్కునేది, జుట్టు ఊడిందని నాకు తెలియకూడదని. మీరు రాసిన ప్రతి వాక్యం నాకు పిన్ని మాటలాగే ఉంది.

గోదారిగట్టు: అమ్మా, మిమ్మల్ని అనలేదు. నా కోపం ఆ చుక్క పెట్టినవాళ్ల మీద. వాళ్లవల్లే ఆయన ముందు పోయారని ఎవరైనా తేల్చి చెప్పాలి నాకు.

పద్మజ_ఖమ్మం: తేలకపోయినా వాళ్లు చేసింది తప్పేనండీ. 2001 నాటి కెనడా అధ్యయనంలో కూడా, బాగా కుంగిపోయి ఉన్నవాళ్లకి దిగులూ నొప్పీ తగ్గాయి. మీ నాన్నగారి పక్కన కూర్చోవడానికి అది చాలదా?

గోదారిగట్టు: చాలేది. ఎవరూ కూర్చోలేదు. నర్సుల లెక్క మీద మాత్రం ఒప్పుకోను, రేపు రాస్తాను.