తలకు దెబ్బ తగిలాక వచ్చే కోపం: రోగమా, పొగరా?

గాజువాక వాసి: మా తమ్ముడు కిందటేడాది కూర్మన్నపాలెం దగ్గర బండి మీద నుంచి పడ్డాడు. అంతకుముందు గొంతెత్తి ఎరుగనివాడు, ఇప్పుడు చిన్న మాటకే కంచం విసిరికొడుతున్నాడు. ఇది దెబ్బ వల్ల వచ్చిన మార్పని నేనంటే, పొగరని బంధువులంటున్నారు. మీ అభిప్రాయం చెప్పగలరు.

వాల్తేరు మూర్తి: సీటీ స్కాన్‌లో ఏముంది?

గాజువాక వాసి: ఏమీ లేదన్నారండి.

వాల్తేరు మూర్తి: అయితే మెదడు బాగానే ఉన్నట్లు కదా. మా ఆఫీసులో ఒకాయన తలకట్టు చూపించి ఏడాది పాటు పని ఎగ్గొట్టాడు, ఆ ఫైళ్లన్నీ నేనే చూడవలసి వచ్చింది.

సీతమ్మధార నర్సు: మూర్తి గారూ, సీటీ తీసేది ముఖ్యంగా రక్తస్రావాన్నీ ఎముక విరగడాన్నీ త్వరగా పట్టుకోవడానికి. తల విసురుగా ఊగినప్పుడు లోపలి నాడీతంతువులు సాగి తెగితే అది అందులో కనబడకపోవచ్చు. కనుగుంతల పైభాగంలో ఉండే మెదడు దెబ్బతిన్నవారికి చాలాసార్లు కాలూ చెయ్యీ పడిపోవు, మాట తడబడదు, కానీ నోటినీ చేతినీ ఆపుకొనే అదుపు పోతుంది. 1848లో అమెరికా రైలుమార్గం పనుల్లో ఫినియాస్ గేజ్ తలలోంచి ఇనుప కడ్డీ దూసుకుపోయాక, అతడు మునుపటి మనిషి కాడని స్నేహితులే అన్నారు.

శివాజీపాలెం: హెల్మెట్ పెట్టుకున్నాడా?

వాల్తేరు మూర్తి: అదే గేజ్ తరువాత చిలీలో ఏళ్ల తరబడి గుర్రపుబండి తోలాడు. తలచుకుంటే అదుపు వస్తుందన్నమాట.

సీతమ్మధార నర్సు: ఒక క్రమం, చేయదగిన పని దొరికితే కొందరు కోలుకుంటారు. దాన్ని తలచుకోవడం అనరు. రోగిని నిందించడమే మీకు కావాలా?

వాల్తేరు మూర్తి: నిందించడం కాదమ్మా! మా బావకూ ఇలాంటి దెబ్బే తగిలింది. రోగమని తేలిన రోజు నుంచి, తన్నులు తింటూ ఆ ఇంట్లోనే పడి ఉండమని మా చెల్లెలికి పెద్దలందరూ చెప్పారు. రోగమంటే ఇక అడగడానికేమీ ఉండదా?

సీతమ్మధార నర్సు: ఆ సంగతి మొదటే చెప్పవలసింది. రోగమంటే చికిత్స చేయించాలని అర్థం, ఆమె భరించాలని కాదు. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలో చూపించవచ్చు. శారీరక రోగాలతో సమానంగా మానసిక రోగాలకూ బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది.

వాల్తేరు మూర్తి: గాజువాక వారూ, మీ మరదలు ఎక్కడున్నారు?

గాజువాక వాసి: పుట్టింట్లో ఉందండి. రోగమని కాగితం మీద రాయించి చూపిస్తే తిరిగి వస్తుందనుకున్నాను.

వాల్తేరు మూర్తి: నాకు అనుమానం వచ్చింది అక్కడే. ఆ కాగితం మీ తమ్ముడి మందుల కోసం రాయించండి.

గాజువాక వాసి: పిల్లవాడి బడి ఇక్కడే ఉందండి. ఆమె రాకుండా ఎలా జరుగుతుంది?