రోజును గంటల లెక్కన పంచుకుంటే ప్రశాంతంగా పని అవుతుందా? (బెంగళూరు ఐటీవాళ్ళూ, చెప్పండి)

మారతహళ్ళి_మూర్తి: రోజంతా కూర్చున్నా పని తెమలట్లేదని ఇక్కడ చాలామంది వాపోతున్నారు కాబట్టి రాస్తున్నా. నేను ముందురోజు రాత్రే మర్నాటి గంటలన్నీ పంచేసుకుంటాను. పొద్దున తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా కోడ్ తప్ప ఏదీ ముట్టుకోను. మెయిళ్ళకు మధ్యాహ్నం అరగంట, సాయంత్రం అరగంట. మూడింటి నుంచి నాలుగింటి దాకా ఖాళీ, మిగిలిపోయినవి అందులో పడతాయి. టెన్షన్ బాగా తగ్గింది. ఇదేం కొత్త వింత కాదు. 18వ శతాబ్దంలోనే బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఉదయం 5కి లేచి రాత్రి 10కి పడుకునేలా ఇలాంటి పట్టిక వేసుకున్నాడు.

కడపకారం: ఆయన మన బెంగళూరు సిల్క్‌బోర్డు జంక్షన్ ట్రాఫిక్ దాటి ఆఫీసుకి పోలేదు కదన్నా.

ఆన్‌కాల్_అభాగ్యుడు: మూర్తి గారూ, ఒక డౌటు. ఆ ఖాళీ గంటలో ఎవరైనా మీటింగ్ పెడితే?

మారతహళ్ళి_మూర్తి: పెట్టలేరు. కేలెండర్‌లో బిజీ అని వేస్తాను.

ఆన్‌కాల్_అభాగ్యుడు: అంటే ఖాళీగా ఉండి బిజీ అని చూపిస్తారు.

మారతహళ్ళి_మూర్తి: ఖాళీగా గోళ్ళు గిల్లుకోవడానికి కాదండీ. ఏ పనికైనా పట్టే టైమును మనం తక్కువే వేసుకుంటాం. కానెమన్, ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే దీన్ని ప్లానింగ్ ఫాలసీ అన్నారు. గంట అనుకున్నది గంటన్నర అవుతుంది. ఆ అరగంట ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలిగా?

ఆన్‌కాల్_అభాగ్యుడు: పెట్టుకోండి. కానీ బిజీ అని ఎందుకు?

రాత్రిషిఫ్ట్: మీరు పగటి గురించి కొట్టుకుంటున్నారు. నవంబర్ మొదటి ఆదివారం అమెరికావాళ్ళు గడియారం వెనక్కి తిప్పుతారు. అంతే, కాలిఫోర్నియాలో పొద్దున తొమ్మిదింటి కాల్ మనకు రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదిన్నరకు జరుగుతుంది. మళ్ళీ మార్చి దాకా అదే గతి. నా పట్టిక నేను రాసుకుంటే ఏం లాభం?

వైట్‌ఫీల్డ్_వదిన: మా ఇంట్లో కూడా ఈ స్లాట్లు వచ్చాయి. ఆయన గది తలుపు వేసుంటుంది. ట్యాంకర్ వస్తే కిందికి పరుగెత్తి సంపు మూత తీయించేది నేను. గ్యాస్ బండ, కొరియర్, స్కూల్ వ్యాన్ నేను. నేనూ వర్క్ ఫ్రమ్ హోమే, ఎవరికైనా గుర్తుంటే.

ఆన్‌కాల్_అభాగ్యుడు: వదినగారు అన్నదే నా మాట. మూర్తి గారు జవాబు చెప్పట్లేదు కాబట్టి నా సంగతి చెప్తా. మా టీమ్ లీడ్ కూడా పదింటి నుంచి ఒంటిగంట దాకా ‘ఫోకస్’ అని కేలెండర్‌లో రంగు కొట్టాడు. ఆ మూడు గంటల్లో క్లయింట్ ఫోన్ చేస్తే నాకు. సర్వర్ పడిపోతే నాకు. పక్క టీమ్‌వాడు చిన్న డౌటంటూ వచ్చి నా కుర్చీ వెనకే నిలబడతాడు, ఎందుకంటే లీడ్‌ని కదపకూడదు. సంవత్సరం చివర అప్రైజల్‌లో నా గురించి ఏం రాశాడో తెలుసా? ‘మొదలుపెట్టిన పని పూర్తి చేయడు, ఏకాగ్రత తక్కువ.’ మీ ప్రశాంతతకు బిల్లు మేం కడుతున్నాం సార్.

మారతహళ్ళి_మూర్తి: మీ లీడ్ మీద కోపం నా మీద చూపిస్తే ఎలా? పద్ధతిలో తప్పు లేదు. మా టీమ్‌లో ఆ ఫోన్ డ్యూటీ వారానికొకరికి మారుతుంది.

ఆన్‌కాల్_అభాగ్యుడు: మీకూ పడుతుందా?

మారతహళ్ళి_మూర్తి: నేను లీడ్‌ని. నాకు వేరే బాధ్యతలుంటాయి.

కడపకారం: దొరికిపోయారు సార్ 😄

మారతహళ్ళి_మూర్తి: నవ్వండి, పర్లేదు. సర్వర్‌లో డిస్క్ నిండిందని అర్ధరాత్రి ఫోన్‌లో అలర్ట్ మోగేది. సర్వర్ రాసుకునే పాత లాగ్ ఫైళ్ళు వాటంతటవే చెరిగిపోయేలా స్క్రిప్ట్ రాసింది ఆ పొద్దుటి రెండు గంటల్లోనే. ఇప్పుడు ఆ అలర్ట్ మోగదు, మా కుర్రాళ్ళు నిద్రపోతున్నారు. నేనూ ఫోన్ పట్టుకుని కూర్చుంటే అది ఎవరు రాస్తారు?

ఆన్‌కాల్_అభాగ్యుడు: ఆ స్క్రిప్ట్ నేను రాయలేనా? అలర్ట్ మోగినప్పుడు లేచేది నేను, అది ఎందుకు మోగుతుందో నాకే ఎక్కువ తెలుసు. నాకు రెండు గంటలు ఇచ్చినవాడు లేడు, అంతే తేడా. మీరు స్లాట్లు వేసుకోవడం నాకు ఇబ్బంది కాదు. నేను వేసుకుంటే మాత్రం ‘టీమ్ ప్లేయర్ కాదు’ అంటారు.

మారతహళ్ళి_మూర్తి: మా టీమ్‌లో ఎవరైనా అడిగితే ఇస్తాను. ఇంతవరకు ఎవరూ అడగలేదు.

వైట్‌ఫీల్డ్_వదిన: అడగలేదా, అడిగే ధైర్యం లేదా?

ఆన్‌కాల్_అభాగ్యుడు: సరే, నేను అడుగుతున్నా అనుకోండి. రోజూ పొద్దున గంటన్నర. ఆ టైంలో ఫోన్ మీరు ఎత్తాలి.

మారతహళ్ళి_మూర్తి: పొద్దున కష్టం. మధ్యాహ్నం మూడింటికైతే చూడొచ్చు.

ఆన్‌కాల్_అభాగ్యుడు: అన్నం తిన్నాక బుర్ర ఎవరికి పనిచేస్తుందండీ? పొద్దునే కావాలి.

రాత్రిషిఫ్ట్: ఈ బేరం మీ లీడ్‌తో ఆడు బ్రదర్. మూర్తి గారు ఒప్పుకున్నా నీ ఫోన్ మోగుతూనే ఉంటుంది.