ఓపెన్ ఫిల్టర్‌కి హీట్ షీల్డ్ కట్టాలా, కంపెనీ బాక్సే తిరిగి పెట్టాలా?

నల్లహ్యాచ్:
నాది టర్బో లేని 2 లీటర్ల పెట్రోల్ బండి. కంపెనీ ఎయిర్ బాక్స్ తీసేసి అల్యూమినియం పైపు, పెట్టె లేకుండా ఓపెన్‌గా ఉండే కోన్ ఫిల్టర్ వేశాను. సౌండ్ అదిరిపోయింది. కానీ ఓబీడీ స్కానర్‌లో (బండి సెన్సర్ల అంకెలు చూపించే పరికరం) చూస్తే బయట 32 డిగ్రీలున్నప్పుడు ట్రాఫిక్‌లో ఇంజిన్ పీల్చే గాలి 61 చూపిస్తోంది. ఫిల్టర్ చుట్టూ హీట్ షీల్డ్, అంటే ఇంజిన్ వేడి తగలకుండా రేకు అడ్డు, కడితే తగ్గుతుందా? రెడీమేడ్‌ది కొనాలా, రేకు కొట్టించుకోవాలా?

రేకుపని:
కట్టు తమ్ముడూ, తగ్గుతుంది. రెడీమేడ్‌వి చాలావరకు పక్కలు మూసి పైన వదిలేస్తాయి. రేడియేటర్ ఫ్యాన్ తోసే వేడిగాలి ఆ పైనుంచే దిగుతుంది. ముందు అట్టతో నమూనా కోసి అమర్చు. అట్ట పై అంచు పొడవునా మెత్తటి మట్టి ముద్దలు అంటించి, బానెట్ మెల్లగా మూసి మళ్లీ తియ్యి. ముద్దలు ఎంత ఎత్తుకి నలిగాయో అదే నీ కొలత. ఆ కొలతకి 1.5 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు కోసి, అంచుకి రబ్బరు బీడింగ్ తొడుగు. బానెట్ ఆ రబ్బరు మీద ఆనాలి.

పైపు ఇంజిన్‌తో పాటు ఊగుతుంది, షీల్డ్ మాత్రం బాడీకి బిగించి ఉంటుంది. పైపు దూరే రంధ్రం బిగుతుగా కోశావంటే రేకు అంచు పైపుని కోసుకుంటూ పోతుంది. చుట్టూ వేలు దూరేంత సందు వదిలి, ఆ సందుని మెత్తటి రబ్బరుతో మూసెయ్యి. అన్నిటికన్నా ముఖ్యం, గ్రిల్ నుంచో హెడ్‌లైట్ పక్క నుంచో లోపలికి చల్లగాలి దారి ఉండాలి. అది లేకపోతే షీల్డ్ దండగ.

పేపర్‌ఫిల్టర్:
రేకుపని గారూ, మీరు చెప్పినవన్నీ కలిపి చూడండి. మూసిన పెట్టె, రబ్బరు సీలు, ముందు నుంచి చల్లగాలి గొట్టం. ఇవన్నీ అతను విప్పి పక్కన పెట్టిన కంపెనీ ఎయిర్ బాక్స్‌లోనే ఉన్నాయి. 32 డిగ్రీల గాలి 61 అయితే సాంద్రత సుమారు 9 శాతం పడిపోతుంది. టర్బో లేని ఇంజిన్‌లో అంత పోగొట్టుకుని, దాన్ని రాబట్టడానికి మళ్లీ ఖర్చు దేనికి? పాత బాక్స్ పెట్టుకోండి, సమస్య అక్కడితో సరి.

టార్క్‌నట్:
షీల్డ్ సంగతి తర్వాత. అల్యూమినియం పైపు వేయడమే తప్పు. ప్లాస్టిక్ అయితే అంత త్వరగా వేడి ఎక్కదు.

పేపర్‌ఫిల్టర్:
పైపు వల్ల కాదండీ. 2 లీటర్ల ఇంజిన్ 3000 ఆర్‌పీఎమ్‌లో ఫుల్ థ్రాటిల్ మీద సెకనుకి దాదాపు 50 లీటర్ల గాలి లాగుతుంది. 70 మిల్లీమీటర్ల పైపులో అది సెకనుకి 13 మీటర్ల వేగం. రెండడుగుల పైపు దాటడానికి సెకనులో ఇరవయ్యో వంతు చాలు. అంతలో గాలికి గోడ వేడి ఎంత అంటుతుంది? ఫిల్టర్ ఏ గాలిని పీలుస్తోందన్నదే లెక్క.

టార్క్‌నట్:
బండి ఆపి ఆ పైపు మీద ఒకసారి చెయ్యి పెట్టండి. చురుక్కుమంటుంది. అంత వేడి గోడకి ఆనుకుని పోయే గాలి చల్లగా ఎలా ఉంటుంది?

రేకుపని:
టార్క్‌నట్, నిలబడి ఉన్నప్పుడు నీ మాట నిజమే, ఐడిల్‌లో గాలి పైపులో చాలాసేపు ఉంటుంది. పేపర్‌ఫిల్టర్ గారు చెప్పేది ఖాళీ రోడ్డు మీద ఫుల్ థ్రాటిల్ లెక్క. కుర్రాడు అడిగింది ట్రాఫిక్ గురించి. సిగ్నల్ దగ్గర సెన్సర్ 61 చూపిస్తే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) నాక్ రాకుండా, అంటే పెట్రోల్ అదుపు తప్పి పేలకుండా, ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగుతుంది, స్పార్క్ ఆలస్యంగా ఇస్తుంది. పచ్చలైటు పడ్డాక బండి బద్ధకంగా కదిలేది అందుకే. షీల్డ్ పనికొచ్చేది సరిగ్గా అక్కడే.

పేపర్‌ఫిల్టర్:
సిగ్నల్ దగ్గర గానీ హైవే మీద గానీ, కంపెనీ బాక్స్‌తో పోల్చి చూశారా అన్నదే నా ప్రశ్న.

నా బండికి ఇలాంటి కిట్టే ఒక షాపులో వేయించాను. బిగించింది ఎంఏఎఫ్ సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని కొలిచేది) ఉన్న బండికి. ఆ సెన్సర్ కూర్చునే పాత గొట్టం లోపలి వ్యాసం 70 మిల్లీమీటర్లు, వాళ్లు పెట్టిన పైపు 76. వైశాల్యం 18 శాతం పెరిగింది. అదే గాలి నెమ్మదిగా పోతుంది, సెన్సర్ తక్కువ చెబుతుంది, ఈసీయూ పెట్రోల్ తక్కువ పోస్తుంది. చెక్ ఇంజిన్ లైటు, కోడ్ పీ0171, అంటే మిక్స్చర్ లీన్, గాలికి తగ్గ పెట్రోల్ లేదని. తీసుకెళ్తే కోడ్ చెరిపేసి "కొత్తలో ఇంతే సార్" అన్నారు. రెండోసారీ అదే మాట. చివరికి అన్నీ విప్పించి పాతవి పెట్టించుకున్నాను. డబ్బు వెనక్కి రాలేదు.

రేకుపని:
మీకు జరిగింది అన్యాయమే. కానీ అది సెన్సర్ గొట్టం సైజు తప్పు. దానికీ నా షీల్డ్‌కీ ఏం సంబంధం? ఎవడో చేసిన నాసిరకం పనికి ప్రతి థ్రెడ్‌లోనూ నన్ను నిలదీస్తున్నారు. నేను ఎవరికీ కిట్లు అమ్మలేదు.

సైలెన్సర్:
ఇద్దరూ కాస్త తగ్గండి.

పేపర్‌ఫిల్టర్:
తగ్గను. ఆ కిట్ వేయించుకునే ముందు ఈ ఫోరమ్‌లోనే చదివాను. మీరు పెట్టిన ఫొటోలు, "బండి లాగుడు మారిపోయింది" అన్న మీ మాట. దాని కింద ఒక్క లాగ్ (స్కానర్ అంకెల రికార్డు) లేదు. కంపెనీ బాక్స్‌తో ఇంత, షీల్డ్‌తో ఇంత అని ఒక్క అంకె లేదు. మీ పనితనాన్ని నేను ఎప్పుడూ తప్పుపట్టలేదు, ఆ బెండింగ్ ఇక్కడ ఎవరూ చేయలేరు. కొలవకుండా లాగుడు మారిందని రాయడం మీదే నా గొడవంతా. కొత్తవాళ్లు అది చదివి షాపుకెళ్తారు.

రేకుపని:
సూటిగా చెబుతాను. నేను హార్స్‌పవర్ కోసం ఇవి చేయను. థ్రాటిల్ తొక్కగానే వచ్చే ఆ శబ్దం నాకిష్టం, కంపెనీ బాక్స్‌లోని రెజొనేటర్లు దాన్ని మింగేస్తాయి. ఆదివారం కూర్చుని రేకు వంచడం ఇష్టం. ఆ ఇష్టం కోసం గాలి వేడెక్కకుండా చూసుకోవడమే నా షీల్డ్ పని. పాత బాక్స్ కన్నా చల్లగా ఉంటుందని నేను అనలేదు.

పేపర్‌ఫిల్టర్:
అనలేదు, నిజమే. కానీ "లాగుడు" అన్నారు. శబ్దం కోసమని రాసి ఉంటే నేను ఆ షాపు మెట్లెక్కేవాణ్ణి కాదు. శబ్దం కోసం ఖర్చుపెట్టేవాళ్లతో నాకు పేచీ లేదు.

రేకుపని:
లాగుడు నాకు తెలిసింది, రాశాను. ఆ మాట వెనక్కి తీసుకోను. స్కానర్ లేకుండా బండ్లు నడిపిన తరం మాది.

నల్లహ్యాచ్:
అన్నలూ, పాత బాక్స్ ఇంట్లోనే ఉంది. ముందు అది పెట్టి, తర్వాత ఓపెన్ ఫిల్టర్, ఆ తర్వాత షీల్డ్‌తో, ఒకే రోడ్డు మీద ఒకే వేళకి లాగ్ చేస్తాను. ఇంకో డౌట్, ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి వచ్చే బ్రీదర్ హోస్ ఇప్పుడు విడిగా ఉంది, కొనకి చిన్న ఫిల్టర్ పెట్టి వదిలేశాను. అలా ఉండొచ్చా?

రేకుపని:
వద్దు. ఎంఏఎఫ్ సెన్సర్ దాటాక పైపుకి బొడిపె వేయించి దానికి కలుపు. విడిగా వదిలితే ఆ దారిన లోపలికి వెళ్లే గాలి సెన్సర్ లెక్కలోకి రాదు, ఆయిల్ ఆవిరి ఇంజిన్ బేలో పేరుకుంటుంది.

పేపర్‌ఫిల్టర్:
ఇది సరైన మాట. లాగ్‌లో ఉష్ణోగ్రత ఒక్కటే కాదు, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్‌ని ఎంత శాతం సరిచేస్తోందో చెప్పే అంకె) కూడా రాయి తమ్ముడూ. ప్లస్ పది దాటితే షీల్డ్ సంగతి పక్కన పెట్టి సెన్సర్ గొట్టం సైజు చూడు. నూనె రాసే కాటన్ ఫిల్టర్ అయితే నూనె మరీ ఎక్కువ పట్టించకు, సెన్సర్ వైరు మీద పడుతుంది.

టార్క్‌నట్:
లాగ్ చేసేటప్పుడు ప్లాస్టిక్ పైపుతో కూడా ఒకటి చెయ్యి.