నటాలిజుమాబ్ వాడుతున్న అన్నయ్యకు మాట తడబడుతోంది. రిలాప్సా, పీఎంఎలా?

ప్రశ్న:
మా అన్నయ్యకు ఎంఎస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్, ఒంట్లోని రక్షణ కణాలే మెదడు, వెన్నుపాము నరాల మీద దాడి చేసే జబ్బు). నెలకోసారి నటాలిజుమాబ్ ఎక్కిస్తున్నారు, రెండేళ్లు దాటింది. ఇన్నాళ్లూ ఒక్క రిలాప్స్ (జబ్బు మళ్లీ తిరగబెట్టడం) రాలేదు. కొన్ని వారాలుగా మాత్రం మనిషి తేడాగా ఉన్నాడు. చొక్కా గుండీ ఒక కాజాది ఇంకో కాజాలో పెట్టేసుకుంటున్నాడు. పేపర్ చదువుతూ కుడిపక్క మాటలు వదిలేస్తున్నాడు. తెలిసిన పేర్లకు కూడా తడుముకుంటున్నాడు. జ్వరం లేదు. అడిగితే "అలసట, అంతే" అంటాడు. పీఎంఎల్ అనే ప్రమాదకరమైన మెదడు ఇన్ఫెక్షన్ తెచ్చే జేసీ వైరస్ కోసం మొదట్లో చేసిన పరీక్ష నెగెటివ్. వచ్చే వారం డోసు ఉంది. వేయించేద్దామంటుంది వదిన. నాకేమో ఒకటే టెన్షన్.

జవాబు (న్యూరాలజీ వార్డు నర్సుని):
డోసు దాకా ఆగొద్దండీ, ఈరోజే డాక్టరుకి ఫోన్ చేయండి. కొత్త లక్షణం కనిపిస్తే పీఎంఎల్ కాదని తేలేదాకా మందు ఆపాలి. జ్వరం లేదని ధీమా పడకండి, పీఎంఎల్‌లో మామూలుగా ఉండదు. జేసీ వైరస్ చాలామంది ఒంట్లో ఏ హానీ చేయకుండా పడి ఉంటుంది. నటాలిజుమాబ్ తెల్ల రక్తకణాలను మెదడులోకి పోనివ్వదు. ఎంఎస్‌కి అదే మందు, వైరస్‌కి అదే సందు. ఇక ఆ పాత నెగెటివ్ ఇప్పుడు లెక్కలోకి రాదు. తర్వాత పాజిటివ్ కావచ్చు, అందుకే ఆరు నెలలకోసారి మళ్లీ చేస్తారు. చివరగా ఎప్పుడు చేశారు?

జవాబు (అదే మందు వాడుతున్నాను):
రిలాప్స్ అయితే నాకు రోజుల్లోనే ముదిరేది. మీరు చెప్పేది వారాల తరబడి మెల్లగా పెరుగుతోంది, పైగా చూపులో ఒక పక్కే పోతోంది. ఆయన ఇంతకుముందు అజాథయోప్రిన్ లాంటి, ఒంట్లోని రక్షణను తగ్గించే మందులు వాడి ఉంటే అదీ చెప్పండి, రిస్కు పెరుగుతుంది. అలాగని మందునే తిట్టుకోకండి. పీఎంఎల్ కేసుల వల్లే 2005లో అమెరికాలో దీన్ని ఆపేశారు, 2006లో గట్టి నిఘా పెట్టి మళ్లీ ఇచ్చారు. నేను నడుస్తున్నది దీని పుణ్యమే.

ప్రశ్న అడిగినవారు:
ఫోన్ చేశాను, డోసు ఆపారు. మళ్లీ జేసీ పరీక్ష చేసిన కాగితం ఫైల్లో ఎక్కడా లేదు. రేపు ఎంఆర్ఐ, తర్వాత వెన్ను నీరు తీస్తారట. అందులో వైరస్ కనిపించకపోతే ఊపిరి పీల్చుకోవచ్చా?

జవాబు (నర్సు):
వెంటనే కాదు. వైరస్ మరీ తక్కువగా ఉంటే ఒకసారికి దొరకదు. ఎంఆర్ఐ అనుమానంగా ఉంటే మళ్లీ తీస్తారు. దీన్ని చంపే మందంటూ ఇంకా లేదు, ఒంట్లోని రక్షణ తిరిగి రావడమే దిక్కు. ఒక్కోసారి ఆ రక్షణే ఒక్కసారిగా విరుచుకుపడి మెదడులో వాపు తెస్తుంది, దాన్ని ఐరిస్ అంటారు. కాబట్టి మందు ఆపిన కొన్ని వారాలకు హఠాత్తుగా ఎక్కువైనా, ఫిట్స్ వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఈ సంగతి వదినగారికీ చెప్పి ఉంచండి.