కంటికి, చెవికి తగ్గట్టు స్క్రీన్ తనంతట తానే మారితే మీకు ఎలా ఉంది? అనుభవాలు చెప్పండి

రేచీకటి:
నాకు రెటినైటిస్ పిగ్మెంటోసా. చుట్టుపక్కల చూపు పోయి మధ్యలో చిన్న కిటికీ అంత మిగిలింది. ఆ కిటికీలోంచి మామూలు సైజు అక్షరాలు బాగానే చదువుతాను. ఈమధ్య నేను వాడే ఒక యాప్‌లో, వాడకాన్ని గమనించి స్క్రీన్ దానంతటదే మారే ఏర్పాటు వచ్చింది. స్కాన్ చేసిన పాత పేజీలు మసగ్గా ఉంటే రెండు మూడు రోజులు జూమ్ చేశాను. అంతే, చూపు తక్కువని తేల్చుకుని యాప్ మొత్తం అక్షరాలు పెద్దవి చేసేసింది. ఇప్పుడు ఒక్క మాట కూడా నా చూపులో పూర్తిగా పట్టడం లేదు. లైను ఎక్కడ మొదలవుతుందో వెతుక్కోవడానికే సమయమంతా పోతోంది. ఇలా నేర్చుకుని మారేవి మీలో ఎవరికైనా నిజంగా పనికొచ్చాయా?

సగంచెవి:
నాకు పనికొచ్చింది, కానీ నా ఫోన్ ఊహించలేదు, కొలతను బట్టి మారింది. నాకు పై ఫ్రీక్వెన్సీలు వినబడవు. గొంతు వినిపిస్తుంది, హల్లులు తెలియవు. ‘తల’ అన్నారో ‘కల’ అన్నారో ముందు వెనక మాటల్ని బట్టి పోల్చుకోవాలి. వాల్యూమ్ పెంచితే అచ్చులు చెవులు చిల్లులు పడేలా మోగుతాయి, హల్లులు మాత్రం అలాగే ఉంటాయి. 2020లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 14 వచ్చాక, నా ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష ఫలితం, ఫోన్‌కి ఇచ్చాను. సరిపోయే హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే నాకు తగ్గిన ఫ్రీక్వెన్సీలనే పెంచి వినిపిస్తోంది.

మెషీన్ లెర్నింగ్ అసలు పని శబ్దాలు గుర్తుపట్టడంలో కనిపిస్తుంది. అదే ఏడాది ఐఫోన్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ వచ్చింది. పసిపిల్ల ఏడ్చినా, తలుపు తట్టినా ఫోన్ వైబ్రేట్ అయి చెబుతుంది. మా బెల్లు పక్షి కూతలా ఉంటుంది. ఐఓఎస్ 16 నుంచి అలాంటి బెల్లును మనమే వినిపించి నేర్పొచ్చు. అయితే ప్రాణం మీదికి వచ్చే సందర్భాల్లో దీని మీదే ఆధారపడవద్దని తయారుచేసిన వాళ్లే చెబుతున్నారు. అందుకే పొగ అలారానికి వేరేగా వెలిగి ఆరే లైటు పెట్టుకున్నాను.

బటన్లు_రాస్తాను:
ఇంటర్‌ఫేస్‌లు తయారుచేసే పనిలో ఉన్నాను, మా వైపు తప్పు ఎక్కడ జరుగుతుందో చెబుతాను. మీ వాడకం చూసి నేర్చుకునే ప్రోగ్రామ్‌కి, అంటే మోడల్‌కి, మీ కన్ను కనబడదు. మీరు జూమ్ చేయడం, బటన్ పక్కన నొక్కడం, వెంటనే వెనక్కి రావడం, ఇవే కనబడతాయి. బటన్ పక్కన నొక్కారంటే అది కనబడకపోయి ఉండొచ్చు, చెయ్యి వణికి ఉండొచ్చు, నడుస్తూ ఉండొచ్చు. కారణాన్ని బట్టి పరిష్కారం మారిపోతుంది. కాంట్రాస్ట్ పెంచాలా, బటన్ పెద్దది చేయాలా, ఏమీ చేయకుండా ఉండాలా? రేచీకటి గారి విషయంలో జరిగింది ఇదే. చూపు మధ్యభాగం పోయినవాళ్లకు పెద్ద అక్షరాలు సాయం చేస్తాయి, చుట్టూ పోయినవాళ్లకు అడ్డమవుతాయి. శుక్లాలున్న వాళ్లలో చాలామందికి తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ వెలుగే పెద్ద బాధ.

వాషింగ్టన్ యూనివర్సిటీలో గాయోస్, వాబ్రాక్, వెల్డ్ చేసిన సపుల్ ప్లస్ ప్లస్ అన్న సిస్టం నాకు ఇప్పటికీ ఆదర్శం. దాంట్లో ఊహాగానం లేదు. ముందే ఒక్కసారి పరీక్షలు పెట్టి, మౌస్ బాణాన్ని గురి మీదికి తేవడం, నొక్కడం, లాగడం ఎవరికి ఎంత తేలికో కొలిచి, దాన్నిబట్టి స్క్రీన్ కడుతుంది. కదలికల ఇబ్బంది ఉన్నవాళ్లు మామూలు స్క్రీన్ కన్నా 26.4 శాతం వేగంగా పని చేశారని, తప్పులు 73 శాతం తగ్గాయని 2008లో వాళ్ల పేపర్ వచ్చింది. అది చేతుల గురించి. కన్నుకూ చెవికీ కూడా అదే పద్ధతి, అంటే ముందు కొలవడం, కావాలని నేను గట్టిగా నమ్ముతాను.

వేలితో_చదువుతా:
పుట్టుకతోనే చూపు లేదు, తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో ఫోన్ వాడతాను. నా కోరిక ఒక్కటే, వస్తువులు చోటు మార్చకండి. పై నుంచి మూడుసార్లు స్వైప్ చేస్తే ‘పంపు’ వస్తుందని నా వేలికి తెలుసు. ఎక్కువ వాడేవాటిని ముందుకు తెస్తున్నామని ఒక యాప్ రోజుకో వరస పెడుతుంటే, ఒకసారి పూర్తికాని ఉత్తరం పొరపాటున వెళ్లిపోయింది. చూపున్నవాళ్లు ఒక్క చూపులో కొత్త వరస పట్టేస్తారు. నేను ఒక్కొక్కటీ విని మళ్లీ నేర్చుకోవాలి.

మేలు కూడా చెప్పాలి. పేరు పెట్టని బటన్లున్న యాప్‌లు ఇంతకుముందు నాకు మూసిన తలుపులే. ఐఓఎస్ 14లో ఐఫోన్ స్క్రీన్ రీడర్ వాయిస్‌ఓవర్, స్క్రీన్ చిత్రాన్ని చూసి ఇది బటన్, ఇది ట్యాబ్ అని పోల్చి చెప్పడం మొదలైంది. అలా కొన్ని తలుపులు తెరుచుకున్నాయి. కానీ అది ఊహే. డబ్బు పంపే స్క్రీన్‌లో ఊహను నమ్మలేను. యాప్ రాసేవాళ్లు బటన్‌కి పేరు రాయడం మానకూడదు.

బటన్లు_రాస్తాను:
చోటు మార్చడం గురించి మీ మాట నూటికి నూరు పాళ్లు నిజం. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2000లో తక్కువ వాడే మెనూ అంశాలను దాచేవారు, జనం వెతుక్కోలేక ఆ పద్ధతిని ఆఫ్ చేసుకునేవాళ్లు. ఎక్కువ వాడేదాన్ని పక్కన ఇంకో చోట నకలుగా చూపించి, అసలుదాన్ని కదపకుండా ఉంచితే ఆ గొడవ ఉండదు.

అమ్మకోసం:
మా అమ్మకు శుక్లాలు. బాగా కనబడటం లేదని నోరు తెరిచి చెప్పేది కాదు, సెట్టింగ్స్‌లోకి వెళ్లేదే కాదు. ఆమె స్క్రీన్ వెలుగు పెంచిన ప్రతిసారీ ఫోన్ నేర్చుకుంటూ పోయింది. ఆండ్రాయిడ్ 9 నుంచి వెలుగు స్లైడర్‌ని మనం జరిపిన తీరును బట్టి నేర్చుకునే ఏర్పాటు ఉంది. అడగలేని మనిషికి అడక్కుండానే సాయం అందింది, దాన్ని నేను తక్కువ చేయను.

తర్వాత ఆపరేషన్ అయింది. ఇప్పుడామెకు బాగా కనిపిస్తోంది. కానీ ఆమె వాడే ఒక యాప్ మాత్రం ఇంకా పాత కంటికే సేవ చేస్తోంది. అక్షరాలు ఇంత పెద్దవి, రంగులు తలకిందులు. నేర్చుకున్నది మరిచిపో అని చెప్పే బటన్ ఎక్కడా దొరకలేదు. చివరికి యాప్ తీసేసి మళ్లీ పెట్టాను.

సగంచెవి:
రోజులోనే మారుతుంది కదండీ. జలుబు చేస్తే నాకు ఇంకా తగ్గుతుంది. సాయంత్రానికి విని విని అలసిపోయి క్యాప్షన్లు కావాలనిపిస్తుంది.

రేచీకటి:
ఇంకో భయం కూడా ఉంది. నా జూమ్‌ల నుంచి నా కంటి జబ్బు తెలిసిపోతే ఆ సంగతి ఎవరి దగ్గరికి చేరుతుంది? నేర్చుకునేది ఫోన్‌లోనే జరగాలి, అక్కడే ఉండాలి. నా జబ్బు గురించి నేను ఇంట్లో వాళ్లకు చెప్పడానికే ఏళ్లు పట్టింది.

బటన్లు_రాస్తాను:
మా టీమ్‌కి ఈ మాటలన్నీ చూపించాను. ఇకమీదట మార్చే ముందు అడుగుదామని ఒప్పుకున్నారు. నేను రాసిన మెసేజ్ ఇది: “మీకు చదవడంలో ఇబ్బంది ఉన్నట్టుంది. అక్షరాలు పెద్దవి చేయమంటారా?” ఎలా ఉంది?

వేలితో_చదువుతా:
‘ఇబ్బంది ఉన్నట్టుంది’ తీసేయండి. నాలో ఏం లోపముందో ఫోన్ తేల్చకూడదు, తను చూసింది చెబితే చాలు.

అమ్మకోసం:
‘అవును, వద్దు’ రెండే ఉంటే అమ్మ ఏదో ఒకటి నొక్కేసి భయపడుతుంది. చేసి చూపించి, నచ్చకపోతే వెనక్కి వెళ్లే దారి ఉంచండి.

రేచీకటి:
చిన్నవి చేయమనే అవకాశం కూడా.

బటన్లు_రాస్తాను:
మార్చాను: “ఈ వారం మీరు 4 సార్లు జూమ్ చేశారు. అక్షరాలు మార్చి చూద్దామా? పెద్దవి, చిన్నవి, ఇలాగే ఉండనివ్వండి. ఎప్పుడైనా పాతదానికి తిరిగి రావచ్చు.” స్క్రీన్ రీడర్‌లో ఎలా వినిపిస్తుందో రేపు ఒక్కసారి విని చెప్తారా?

వేలితో_చదువుతా:
పంపండి, వింటాను.