‘స్వయంవరం’: ఇల్లు వదిలినందుకు పడిన శిక్షేనా?

పాతరీలు:
మలయాళ దర్శకుడు అడూర్ గోపాలకృష్ణన్ మొదటి సినిమా ‘స్వయంవరం’ (1972) గురించి అడుగుతున్నాను. విశ్వం, సీత పెద్దలను కాదని ఇల్లు వదిలి తెలియని ఊరొస్తారు. మంచి హోటల్ నుంచి మామూలు హోటల్‌కి, అక్కణ్ణుంచి పేదల వాడలో అద్దె ఇంటికి దిగిపోతారు. బిడ్డ పుట్టాక విశ్వం జబ్బుచేసి పోతాడు. పెద్దల మాట వినకపోతే ఇదే గతి అని చెప్పినట్టు లేదూ? ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటి, ఛాయాగ్రహణం అంటూ జాతీయ అవార్డులన్నీ ఇచ్చారు గానీ, నాకు మాత్రం పాత నీతికథలాగే అనిపించింది.

కృష్ణాతీరం:
కాదండీ. వాళ్లను ముంచింది ప్రేమ కాదు, డబ్బు. సీత సేల్స్‌గర్ల్ ఉద్యోగానికి వెళ్తే వెయ్యి రూపాయలు డిపాజిట్ కట్టమంటారు. ఆ డబ్బు లేక ఉద్యోగం చేజారిపోతుంది. విశ్వానికి పెద్ద పేరు లేదని పత్రిక ఎడిటర్ అతని నవల వేసుకోడు. కాలేజీలో జువాలజీ చెప్పే పని దొరుకుతుంది, అదీ నిలవదు. పెద్దలు కుదిర్చిన పెళ్లే చేసుకున్నా ఆ వెయ్యి ఎక్కణ్ణుంచి తెస్తారు?

పాతరీలు:
పుట్టింటివాళ్లు సర్దేవాళ్లు! నేననేదీ అదే. అయినవాళ్లందర్నీ దూరం చేసి, దిక్కులేని చోట వాళ్లను నిలబెట్టాడు దర్శకుడు.

కృష్ణాతీరం:
మరి టింబర్ డిపో సంగతేంటి? అక్కడ ఒకణ్ణి తీసేసి ఆ గుమాస్తా పని విశ్వానికిస్తారు. పని పోయిన ఆ మనిషిగా వేసింది తర్వాత భరత్ గోపిగా పేరు తెచ్చుకున్న నటుడు. కనిపించేది కాసేపే అయినా మనసులోంచి పోడు. అతనేమీ ప్రేమించి లేచిపోయినవాడని సినిమా చెప్పదే! మరి అతనికెందుకీ శిక్ష? ఒకరి కూడు లాక్కుంటే గానీ ఇంకొకరికి కూడు దొరకని రోజులవి. నా దృష్టిలో సినిమా గుండెకాయ అక్కడే ఉంది.

తెనాలిపిల్ల:
మీరిద్దరూ విశ్వం దగ్గరే ఆగిపోయారు. సీతగా వేసిన శారద గారిని చూడండి. మా ఊరి మనిషి అని చెప్పుకోవడం నాకెప్పుడూ గర్వమే. ‘తులాభారం’ తర్వాత ఆవిడకు ఇది రెండో జాతీయ అవార్డు, మూడోది మన ‘నిమజ్జనం’కి వచ్చింది. ‘తులాభారం’లో ఆవిడతోపాటు హాలంతా ఏడ్చింది. ఇక్కడ ఏడిపించడానికి పాట లేదు, పెద్ద డైలాగు లేదు, మొత్తం ముఖంతోనే నడిపించారు. విశ్వం పోయాక పుట్టింటికి వెళ్లమంటే సీత వెళ్లదు. నీతికథ అయితే తప్పు తెలుసుకుని వెనక్కి వెళ్లాలి కదా! సీత ముఖంలో ఆ పశ్చాత్తాపం నాకెక్కడా కనిపించలేదు.

పాతరీలు:
సీత తలవంచలేదు, నిజమే. కానీ నిరుద్యోగం గురించి చెప్పాలంటే విశ్వాన్ని చంపకుండానే చెప్పొచ్చుగా? ఆ చావు కథలోంచి పుట్టలేదు, దర్శకుడు తెచ్చిపెట్టాడు.

తెనాలిపిల్ల:
విశ్వం బతికున్నంతకాలం కథ అతని ఉద్యోగాల చుట్టూనే తిరిగింది. ఇల్లు వదలడం ఇద్దరూ కలిసి తీసుకున్న నిర్ణయం. ఇప్పుడు వెనక్కి వెళ్లకపోవడం మాత్రం సీత ఒక్కర్తీ తీసుకున్నది. ఆ చావు లేకపోతే మనం సీతను విశ్వం భార్యగానే గుర్తుపెట్టుకునేవాళ్లం.

పాతరీలు:
సీతను నిలబెట్టడానికి విశ్వాన్ని పడగొట్టాలంటే మాత్రం నేను ఒప్పుకోనండీ. ఇద్దర్నీ బతకనిచ్చి, ఆ దరిద్రంలోనే సీత నిర్ణయాన్ని చూపించి ఉంటే ఇంకా గొప్ప సినిమా అయ్యేది.